పిల్లల చేతికి చరిత్ర: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

చరిత్ర గురించీ, గొప్పవారి జీవితాల గురించీ పిల్లల కోసం రాసిన పుస్తకాలపై చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వారి ఉత్తరాలను ఒక ప్రశ్నగా కలిపాను.

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు. న్యూటన్ మీద ఒక బొమ్మల పుస్తకం చదివి, తలమీద ఆపిల్ పండు పడితే ఆయనకు దెబ్బ తగిలిందా అని అడిగింది. అసలు ఆ కథే అబద్ధమని నేనెక్కడో చదివాను. ఆ పుస్తకాన్ని ఇక తనకు ఇవ్వకూడదా? పిల్లల పుస్తకాల్లో ఇలాంటి కల్పనలు ఉండవచ్చా?

సమాధానం: ఇవ్వండి. అంత మంచి ప్రశ్న పుట్టించిన పుస్తకాన్ని దాచిపెట్టడం అన్యాయం. అయితే దానితోపాటు అసలు సంగతి కూడా చెప్పండి. ఆపిల్ కథ పూర్తిగా అబద్ధమేమీ కాదు. న్యూటన్ స్నేహితుడు విలియం స్టూక్లీ 1726లో ఒకనాడు ఆయనతో కలిసి ఆపిల్ చెట్ల నీడన కూర్చున్నప్పుడు, వెనకటికి ఇలాగే పండు రాలడం చూసి గురుత్వాకర్షణ ఆలోచన తనకు కలిగిందని న్యూటన్ తనతో చెప్పినట్టు రాసిపెట్టాడు. అప్పటికి న్యూటన్‌కు ఎనభై మూడేళ్లు. ఆయన గుర్తు చేసుకున్నది అరవై ఏళ్ల నాటి ముచ్చట. పండు తలమీద పడిందన్న మాట స్టూక్లీ రాతలో ఎక్కడా లేదు, అది తర్వాతివారు చేర్చినది. కాబట్టి దెబ్బేమీ తగల్లేదని మీ అమ్మాయికి ధైర్యంగా చెప్పవచ్చు. జరిగిన సంగతి ఒకటి, దాన్ని ముసలితనంలో గుర్తు చేసుకున్న తీరు ఒకటి, విన్నవారు దానికి తొడిగిన అలంకారం మరొకటి అని ఏడేళ్ల పిల్లకు కూడా అర్థమయ్యేలా చెప్పవచ్చు, ఎందుకంటే ఇంట్లో తన గురించి పెద్దలు చెప్పుకునే ముచ్చట్లు చెప్పినప్పుడల్లా కొంచెం పెరుగుతాయని ఆ వయసు పిల్లలకు బాగా తెలుసు.

ఈ కథలో నన్ను ఇబ్బంది పెట్టేది తలమీద పడ్డ పండు కాదు. పండు పడింది, సిద్ధాంతం పుట్టింది అన్నట్టు రెండు పేజీల్లో ముగించడం ఇబ్బంది పెడుతుంది. ఆ ఆలోచన 1660ల నడుమ నాటిదైతే, దాన్ని గణితంతో నిరూపించిన ఆయన పుస్తకం ‘ప్రిన్సిపియా’ అచ్చయినది 1687లో. నడుమ ఉన్న ఇరవై ఏళ్ల లెక్కలూ, సందేహాలూ, ఇతరులతో జరిపిన వాదాలూ మాయమైతే, గొప్ప ఆలోచన అంటే హఠాత్తుగా తగిలే అదృష్టమని పిల్లలు అనుకుంటారు. తనకు మొదటిసారికే లెక్క రాకపోతే తాను తెలివైన పిల్లను కానని కూడా అనుకుంటారు.

జార్జ్ వాషింగ్టన్ చిన్నతనంలో చెర్రీ చెట్టును గొడ్డలితో దెబ్బతీసి, అబద్ధమాడలేనని తండ్రి దగ్గర ఒప్పుకున్న కథ ఇంతకన్నా భిన్నమైనది. ఆయన 1799లో మరణించాక మేసన్ వీమ్స్ అనే ఆయన రాసిన జీవిత చరిత్రలో, అదీ 1806 నాటి ముద్రణలో, ఆ కథ చేరింది. అంతకుముందు దానికి ఆధారమేదీ కనిపించదు. నిజం చెప్పడం నేర్పాలన్న ఉద్దేశం ఎంత మంచిదైనా, జరగనిదాన్ని జరిగినట్టుగా పిల్లలకు చెప్పే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక పాత్రల నోట పెట్టే సంభాషణల విషయం. చిన్నపిల్లల పుస్తకంలో మాటలు లేకుండా కథ నడపడం కష్టం కనుక రచయిత ఊహించిన సంభాషణలను నేను తప్పుపట్టను. కాని ఆ మనిషి నమ్మనిదాన్నీ చేయనిదాన్నీ ఆ మాటలు ఆయనకు అంటగట్టకూడదు. సంభాషణలు తన ఊహేనని రచయిత పుస్తకంలో ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలి. ఈ ఒప్పుకోలు ఉన్న పుస్తకాన్ని చూడగానే నాకు ఆ రచయిత మీద గౌరవం కలుగుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి బొమ్మల కథల రూపంలో ఉన్న జీవిత చరిత్రలు తప్ప మరేవీ ముట్టుకోడు. మాన్పించాలా?

సమాధానం: అక్కరలేదు. ఆ రూపంలో లోపమేమీ లేదు. బొమ్మ వేసేవారు ఆ కాలపు దుస్తులూ, ఇళ్లూ, పనిముట్లూ, వాహనాలూ తెలుసుకుని వేశారా లేదా అన్నదే చూడండి. శ్రద్ధగా వేసిన ఒక్క బొమ్మలో వర్ణన నాలుగు పేజీలు చెప్పేంత ఉంటుంది; అశ్రద్ధగా వేసిన బొమ్మ తప్పును అక్షరం కన్నా గట్టిగా మనసులో నాటుతుంది.

ప్రశ్న: మా పిల్లలిద్దరికీ చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు మాత్రమే. పుస్తకం తెరవగానే ఆవలిస్తారు. వారికి ఆసక్తి కలిగించే మార్గముందా?

సమాధానం: రాజుల గురించి చదవడం వల్ల విసుగు రాదండీ. ఆ సంగతులు మనదాకా ఎలా వచ్చాయో చెప్పకుండా తేలిన ఫలితాన్ని మాత్రమే అప్పజెప్పడం వల్ల వస్తుంది. అశోకుడినే తీసుకోండి. ‘అశోకుడు కళింగ యుద్ధం తర్వాత శాంతి మార్గం పట్టాడు’ అన్న వాక్యం కంఠస్థం చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అదే కథను ఈ చివరినుంచి మొదలుపెట్టి చూడండి. ఉపఖండమంతటా బండలమీద, స్తంభాలమీద ఏవో అక్షరాలు ఉన్నాయి. కొన్ని వందల ఏళ్లపాటు వాటిని చదవగలిగినవారే లేరు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి గుట్టు విప్పాడు. చదివితే ఆ శాసనాలు వేయించిన రాజు తనను ‘దేవానాంపియ పియదసి’ అని చెప్పుకున్నాడు. ఎవరీ రాజు? బౌద్ధ గ్రంథాల సాయంతో ఆయనే అశోకుడై ఉంటాడని పండితులు ఊహించారు. 1915లో కర్ణాటకలోని మస్కిలో దొరికిన శాసనంలో ‘దేవానాంపియ’ అన్న బిరుదుతోపాటు అశోకుడన్న పేరు కూడా కనిపించడంతో ఆ ఊహకు బలం దొరికింది. అపరాధ పరిశోధన కథలు ఇష్టపడే పిల్లలెవరూ ఇక్కడ ఆవలించరు.

ఇంకొంత ముందుకు వెళ్లండి. పదమూడవ శిలాశాసనంలో అశోకుడు కళింగలో లక్షన్నర మందిని తరలించుకుపోయామనీ, లక్షమంది అక్కడ హతులయ్యారనీ, దానికి ఎన్నోరెట్లు మంది మరణించారనీ చెప్పి తన పశ్చాత్తాపాన్ని ప్రకటించాడు. అయితే కళింగ నేలమీదే ఉన్న ధౌలి, జౌగడ శాసనాల్లో ఆ పదమూడవ శాసనం చెక్కలేదు. దాని బదులు వేరే శాసనాలు ఉన్నాయి. యుద్ధంలో నష్టపోయినవారి కళ్లెదుట రాజు ఆ మాటలు ఎందుకు రాయించలేదు? సిగ్గా, జాగ్రత్తా, వారి గాయాన్ని రేపకూడదన్న ఆలోచనా? చరిత్రకారులే ఇందులో పలు రకాలుగా ఆలోచిస్తారు కాబట్టి మీ పిల్లల ఊహకు కూడా ఇక్కడ చోటుంది. ఇలాంటి ప్రశ్నను దాచకుండా పిల్లల ముందు పెట్టే పుస్తకాలను వెతకండి. సంవత్సరాలు వాటంతట అవే గుర్తుంటాయి, ఎందుకంటే అప్పుడవి కథలో ఏది ముందో ఏది వెనకో చెప్పే గుర్తులవుతాయి.

ప్రశ్న: యుద్ధాలు, ఊచకోతలు, అంటరానితనం వంటి బాధాకరమైన విషయాలు పిల్లలకు ఎప్పుడు చెప్పాలి? మా పాపకు తొమ్మిదేళ్లు. చదివి భయపడుతుందేమోనని వెనకాడుతున్నాను.

సమాధానం: మీ భయం నాకు అర్థమవుతుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. వయసుకు తగినట్టు చెప్పడమంటే ఎంత నిజం చెప్పాలో కొలిచి తగ్గించడమని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయంలో తగ్గించవలసినది హింస వర్ణన మాత్రమే. అన్యాయాన్ని అన్యాయమని చెప్పడంలో తగ్గించవలసినది ఏమీ లేదు. తొమ్మిదేళ్ల పాపకు రక్తపాతం వర్ణించే పేజీ అక్కరలేదు. కాని తన వయసు పిల్లవాడికి ఏం జరిగిందో తెలుసుకునే శక్తి ఆమెకు ఉంది.

అంబేడ్కర్ తన బాల్యంలో, 1901లో, తొమ్మిది పదేళ్ల వయసులో, తోటి పిల్లలతో కలిసి తండ్రిని చూడటానికి చేసిన ప్రయాణం గురించి స్వయంగా రాశారు. రైలు దిగాక వారు ఏ కులమో తెలిసి బండివాళ్లు ఎక్కించుకోలేదు. చివరకు ఒకడు రెట్టింపు కిరాయికి, అదీ పిల్లలే బండి తోలుకునేలా, తాను పక్కన నడిచి వచ్చేలా ఒప్పుకున్నాడు. దగ్గర తిండి ఉండి కూడా తాగడానికి నీళ్లు ఇచ్చేవారు లేక వారు ఆకలితోనే రాత్రి గడిపారు. ఇందులో రక్తం లేదు, ఆయుధం లేదు. అయినా అంటరానితనమంటే ఏమిటో ఏ నిర్వచనమూ చెప్పలేనంత స్పష్టంగా ఆ దాహం చెబుతుంది. బాధపడినవారే చెప్పుకున్న మాట దొరికినప్పుడు దానికి దగ్గరగా ఉండే పుస్తకాన్నే ఎంచుకోండి.

రెండవ ప్రపంచ యుద్ధంలో నాజీల కంటపడకుండా నెదర్లాండ్స్‌లో కుటుంబంతో దాక్కున్న యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ విషయంలోనూ అంతే. 1942 జూన్‌లో పదమూడవ పుట్టినరోజుకు వచ్చిన డైరీలో ఆమె కోపం, తల్లితో తగాదాలు, చదువు, ఆశలు అన్నీ రాసుకుంది. దేశం విడిచివెళ్లిన డచ్చి ప్రభుత్వపు మంత్రి ఒకరు 1944 మార్చిలో రేడియోలో, యుద్ధకాలపు డైరీలనూ ఉత్తరాలనూ జాగ్రత్త చేయమని ప్రజలను కోరడం విని, తన డైరీని పుస్తకంగా తీర్చిదిద్దడం మొదలుపెట్టింది. ఆ ఆగస్టులో ఆమె కుటుంబాన్ని నాజీలు పట్టుకున్నారు. ఆమె మరణాన్ని మాత్రమే చెప్పే పుస్తకం ఆమెను బాధితురాలిగా మిగుల్చుతుంది. రచయిత్రి కావాలని కూర్చుని తన వాక్యాలను దిద్దుకున్న పిల్లను కూడా చూపే పుస్తకం మీ పాపకు ఒక నేస్తాన్నిస్తుంది. పన్నెండు పదమూడేళ్లు వచ్చాక అసలు డైరీని ఇవ్వండి. మొదటిసారి చదివేటప్పుడు మీరూ అదే వారంలో చదివితే ఇంకా మంచిది, ఆ పాపకు మాట్లాడుకోవడానికి మనిషి కావాలి.

ప్రశ్న: నాకు పదకొండేళ్లు. రోసా పార్క్స్ బాగా అలసిపోయి ఉండటం వల్ల బస్సులో సీటు ఇవ్వలేదని ఒక పుస్తకంలో ఉంది. ఇంకో పుస్తకంలో అలా లేదు. ఏది నమ్మాలి?

సమాధానం: నువ్వు రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూశావంటే చరిత్రకారుల పని మొదలుపెట్టినట్టే. ఇలాంటప్పుడు, ఆ సంఘటనలో ఉన్న మనిషి ఏం చెప్పిందో ముందు చూడాలి. అమెరికాలోని మాంట్‌గోమరీలో బస్సులో తెల్లవారికి సీటు వదలనందుకు అరెస్టయిన నల్లజాతి స్త్రీ రోసా పార్క్స్ తన ఆత్మకథలో, ఆ రోజు ఒంటికి ప్రత్యేకంగా అలసటేమీ లేదనీ, లొంగిపోయి లొంగిపోయి విసిగిపోయాననీ రాసింది. ఆ తర్వాత, అంతకుముందు ఆమె ఏం చేసేదో చూడు. 1955 డిసెంబరు 1న ఆ బస్సులో కూర్చున్న నలభై రెండేళ్ల రోసా, నల్లజాతివారి హక్కుల కోసం పనిచేసే సంస్థకు తన ఊరి శాఖలో పన్నెండేళ్ల కిందటే కార్యదర్శి అయింది. ఆ ఏడాది వేసవిలోనే సమానత్వం కోసం ఎలా పనిచేయాలో నేర్పే శిక్షణకు కూడా వెళ్లివచ్చింది. అలసిపోయి లేవలేదని రాస్తే ఆ పన్నెండేళ్ల పని మొత్తం కనిపించకుండా పోతుంది కదా?

నీకు ఇంకొక పేరు చెబుతాను. అదే మాంట్‌గోమరీ నగరంలో, రోసా కన్నా తొమ్మిది నెలల ముందు, 1955 మార్చి 2న క్లాడెట్ కాల్విన్ అనే అమ్మాయి కూడా బస్సులో సీటు ఇవ్వనంది. అప్పుడామెకు పదిహేనేళ్లు. బస్సుల్లో మనుషులను విడదీసే పద్ధతి చెల్లదని కోర్టులో తేల్చిన దావా వేసిన నలుగురు స్త్రీలలో ఆమె ఒకరు. రోసాను అరెస్టు చేశాక, దానికి నిరసనగా నగరంలోని నల్లజాతివారు 381 రోజులు బస్సులెక్కకుండా నడిచారు, ఒకరి వాహనంలో ఒకరు సర్దుకుని వెళ్లారు. నీ పుస్తకాలు రెండింటిలోనూ క్లాడెట్ పేరు ఉందేమో చూడు. లేకపోతే ఎందుకు లేదో ఆలోచించి నాకు మళ్లీ ఉత్తరం రాయి, తప్పకుండా జవాబు ఇస్తాను.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిని. మహనీయుల లోపాలను, వారి చుట్టూ ఉన్న వివాదాలను పిల్లల పుస్తకాల్లో పెడితే వారిపై గౌరవం తగ్గదా? పిల్లలకు ఆదర్శాలు కావాలి కదా?

సమాధానం: కావాలి మాస్టారూ. కాని మచ్చలేని మనిషిని చూసి పిల్లలు నమస్కారం పెడతారే తప్ప అనుసరించాలని అనుకోరు, తమలాంటి మనిషిలా ఆయన వారికి కనిపించడు కనుక. గాంధీ పదిహేనేళ్ల వయసులో అన్న కడియంలోంచి కొంచెం బంగారం దొంగిలించారు. ఆ తప్పును కాగితంమీద రాసి, జబ్బుతో మంచంపట్టిన తండ్రి చేతికిచ్చారు. చదివి తండ్రి కన్నీరు పెట్టుకుని ఆ కాగితాన్ని చింపేశారు. ఇదంతా లోకానికి చెప్పింది గాంధీయే. ఆయన దాచుకోనిదాన్ని ఆయన గౌరవం కోసమని మనం దాచవలసిన పని లేదు.

లోపాలను దాచడం కన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది: జీవితాన్ని సగంలో ఆపేయడం. పసితనంలోనే చూపూ వినికిడీ పోయిన హెలెన్ కెల్లర్ గురించి పిల్లలకు రాసిన పుస్తకాలు చాలా వరకు 1887లో నీటిపంపు దగ్గర, నీళ్లు అన్న మాట ఆమె అరచేతిలో అర్థమైన క్షణంతోనో, 1904లో ఆమె పట్టభద్రురాలైన రోజుతోనో ముగుస్తాయి. ఆమె 1968 వరకు జీవించింది. స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడింది, సోషలిస్టు పార్టీలో చేరింది, 1920లో అమెరికా పౌరహక్కుల సంఘాన్ని స్థాపించినవారిలో ఒకరైంది. ఆమె రాజకీయ అభిప్రాయాలు మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. కాని మాటలు నేర్చుకున్న పిల్ల పెద్దయ్యాక ఆ మాటలతో ఏం చెప్పిందో చెప్పకపోతే, ఆమెను ఎప్పటికీ ఏడేళ్ల దగ్గరే నిలిపేసినట్టవుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. మీ తరగతిలో ఒక పని చేయవచ్చు: పుస్తకం ముగిసిన సంవత్సరం, ఆ మనిషి మరణించిన సంవత్సరం బోర్డుమీద రాసి, నడుమ ఏం జరిగి ఉంటుందో పిల్లలనే వెతకమనండి.

ప్రశ్న: ఆడపిల్లలకు ఇవ్వదగిన జీవిత చరిత్రల్లో రాణులూ, త్యాగమూర్తులూ తప్ప వేరెవరూ కనిపించడం లేదు.

సమాధానం: ఉన్నారు. మగపిల్లలకూ వారి పుస్తకాలే ఇవ్వండి. ఇంగ్లండులోని లైమ్ రీజిస్‌లో 1799లో పుట్టిన మేరీ ఆనింగ్ వడ్రంగి కూతురు. సముద్రపు ఒడ్డున కొండచరియల్లో శిలాజాలు ఏరి అమ్మడం ఆ కుటుంబానికి ఆధారం. ఇక్తియోసార్ అనే ప్రాచీన సముద్ర ప్రాణి తలను ఆమె అన్న 1811లో కనిపెట్టగా, మరుసటి ఏడాది మిగిలిన అస్థిపంజరాన్ని పన్నెండు పదమూడేళ్ల మేరీ వెతికి పట్టింది. 1823లో ప్లీసియోసార్ అనే మరో ప్రాచీన సముద్ర ప్రాణి పూర్తి అస్థిపంజరం కనుగొన్నది కూడా ఆమే. పండితులు ఆమె దగ్గర కొనుక్కుని, ఆమె పేరు చెప్పకుండా వ్యాసాలు రాసుకున్నారు. లండన్ జియలాజికల్ సొసైటీ స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నది 1919లో, ఆమె చనిపోయిన డెబ్బై రెండేళ్లకు.

ఒక్క హెచ్చరిక. పసితనంలో ఆమె పక్కన పిడుగు పడింది, ఆమెను ఎత్తుకున్న స్త్రీతో సహా ముగ్గురు చనిపోయారు, ఆమె బతికింది. ఇది నిజం. ఆ పిడుగు వల్లనే ఆమెకు తెలివి వచ్చిందని ఊరివారు నమ్మారు. ఈ నమ్మకాన్నే కారణంగా చెప్పే పుస్తకం మీకు తగిలితే, చలికాలపు తుఫానుల తర్వాత చరియలు విరిగిపడినచోట ప్రాణాలకు తెగించి ఏళ్ల తరబడి వెతికిన ఆమె శ్రమను ఆ పిడుగు ఖాతాలో వేస్తున్నారని మీ పిల్లలకు చెప్పండి.

ప్రశ్న: పుస్తకాల దుకాణంలో పది నిమిషాలు మాత్రమే ఉంటాయి. మంచి పుస్తకాన్ని గుర్తుపట్టడం ఎలా?

సమాధానం: చివరి పేజీలు ముందు తెరవండి. ఈ సంగతులు తనకెలా తెలిశాయో రచయిత ఒక్క పేరాలోనైనా చెప్పారా? తేదీల పట్టిక ఉందా? తర్వాత, మీకు ముందే నిజం తెలిసిన చోటొకటి చూడండి. కొలంబస్ పుస్తకమైతే, భూమి బల్లపరుపుగా ఉందని అందరూ నమ్ముతుంటే ఆయనొక్కడే గుండ్రంగా ఉందన్నాడని రాశారేమో చూడండి. 1492 నాటికి యూరప్‌లో చదువుకున్నవారికి భూమి గుండ్రమని తెలుసు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలోనే ఎరటోస్తనీస్ దాని చుట్టుకొలతను లెక్కగట్టాడు. వాదమల్లా పడమటి దారిలో ఆసియాకు ఎంత దూరమన్నదాని గురించి, అందులో కొలంబస్ లెక్కే తప్పు. ఐన్‌స్టీన్ పుస్తకమైతే, ఆయన బడిలో లెక్కల్లో తప్పాడని రాశారేమో చూడండి. అది నిజం కాదని ఆయనే 1935లో చెప్పారు. ఈ ఒక్కచోట జాగ్రత్తపడిన రచయిత మిగతాచోట్ల కూడా జాగ్రత్తపడి ఉంటారని చాలావరకు నమ్మవచ్చు.

మిగిలిన సమయంలో నడుమ ఒక పేజీని పెదవులు కదిపి చదువుకోండి. ‘గొప్ప’, ‘మహత్తర’, ‘అద్భుత’ వంటి విశేషణాలు వాక్యానికొకటి వస్తుంటే, ఆ మనిషి చేసిన పని చెప్పడానికి రచయిత దగ్గర చోటు మిగలలేదని అర్థం. ఇంకా తేల్చుకోలేకపోతే, ఒకే మనిషి మీద ఇద్దరు వేర్వేరు రచయితలు రాసిన రెండు చిన్న పుస్తకాలు తీసుకుని ఇంటికి వెళ్లండి. తేడాలు ఎక్కడున్నాయో పిల్లలు మీకన్నా ముందే పట్టుకుంటారు.